మ్యూజియానికి తాళం

హాలుకు తాళం వేద్దామనే వచ్చాడు భానుప్రసాద్. కొత్త తాళం జేబులోనే ఉంది.

బాన్సువాడ బస్టాండు వెనక ఆ హాలు ఆయన సొంతం. తండ్రి పేరు నిలుస్తుందని ఊరి మ్యూజియానికి కిరాయి లేకుండా ఉత్తగనే ఇచ్చాడు. తండా నుంచి వచ్చి ఎమ్మే హిస్టరీ చదివిన వనిత ఊరూరూ తిరిగి పాత కుంచాలు, తక్కెడలు, నాగళ్లు తెచ్చి అందులో పేర్చింది. వారం వారం చరిత్ర మీద, రాజకీయాల మీద చర్చలు పెట్టింది. వినేవాళ్లే లేరు. పోయిన వారమైతే వక్త, వనిత, వానకు తడిసి లోపలికి దూరిన ఓ మేక.

మొబైల్ షాపు వాళ్లు మంచి కిరాయి ఇస్తామంటున్నారు.

“ఈ వారం గూడ హాలు నిండకపోతే ఇగ తాళమే బిడ్డా,” అని ముందే చెప్పేశాడు. వనిత బతిమాలలేదు.

“నిండుతది సార్,” అంది.

తీరా వచ్చి చూస్తే మెట్ల దగ్గర్నుంచి రోడ్డు దాకా చెప్పులే. కుప్పగా కాదు. ఒక జత వెనక ఒక జత, బడిపిల్లల్లా బుద్ధిగా ఉన్నాయి. భానుప్రసాద్ బూట్లు విప్పి, అన్నిటికంటే ముందు పెట్టాడు.

లోపల్నుంచి ఓ అవ్వ వచ్చింది. ఆ బూట్లు రెండు వేళ్లతో ఎత్తి, తీసుకెళ్లి వరుస చివర పెట్టింది.

“ఏందవ్వా గిది?”

“ఎనుక వచ్చినవ్ గద సారూ. ఎనుకనే పెట్టాలె.”

కోపం నాలుక చివరి దాకా వచ్చింది. హాల్లోకి చూడగానే మింగేశాడు. లోపల కాలు పెట్టే సందు లేదు. కోటగిరి, రుద్రూర్, చుట్టుపక్కల తండాలు అన్నీ అక్కడే ఉన్నాయి.

వేదిక మీద వనిత పక్కన ఓ సన్నటి మనిషి ఒళ్లో సంచి పెట్టుకొని కూర్చున్నాడు. జనమంతా రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తున్నారు.

“ఎవరమ్మా?” అన్నాడు భానుప్రసాద్ మెల్లగా.

“ఒవైస్ సార్. మన ముఖ్య అతిథి.”

“ఏం మాట్లాడ్తడు?”

“ఆయన చివర్లనే లేస్తరు సార్.”

ఎంత పెద్ద మేధావో అనుకున్నాడు భానుప్రసాద్.

చర్చ నిజాం సర్కారు రైతుల దగ్గర బలవంతంగా వసూలు చేసిన లెవీ ధాన్యం మీద. బూట్లు ఎత్తిన అవ్వే మొదలుపెట్టింది. పేరు గౌరీబాయి. బల్ల మీది కుంచం పైకెత్తింది.

“మా మామ చెప్పేటోడు. మన గింజలు కొలుసుకపోయేటప్పుడు గీ పెద్ద కుంచం. మనకు కొలిసిచ్చేటప్పుడు గా చిన్నది.”

కోటగిరి ఫజల్ లేచాడు. “గుంజుకపోనీకైనా అప్పుడు ఇంటిదాక వచ్చిండ్రు అవ్వా. ఇప్పుడు ఏదన్న గావాలంటే మనమే తిరగాలె!”

హాలు గొల్లుమంది.

“ఓ ఫజల్‌భాయ్, నాకంటే ముందు నువ్వెట్ల లేస్తవ్?” రుద్రూర్ నర్సింలు అడ్డం పడ్డాడు.

“పొద్దుగాల నీకంటే ముందు నేనే వచ్చిన!”

మాటా మాటా పెరిగి, చొక్కా పట్టుకునేదాకా పోయింది.

“లొల్లి జేస్తే ఒవైస్ సార్ లేచి పోతరు,” అంది వనిత.

అంతే. ఇద్దరూ నోరు మూసుకొని కూర్చున్నారు.

చరిత్ర మీద ఇంత ప్రేమ భానుప్రసాద్ ఎక్కడా చూడలేదు. ఒక్కరూ ఆవలించలేదు. ఛాయ్‌కి లేచిన మనిషి కూడా “నా జాగ జర చూడన్నా” అని పక్కవాడికి అప్పగించి, పరుగున వచ్చి కూర్చున్నాడు. ఓ తాత మాత్రం మాటిమాటికీ గుమ్మం దాకా వెళ్లి వస్తున్నాడు.

“చెప్పులు ఎవ్వలెత్తుకపోతరు తాతా?”

“ఎత్తుకపోతే పోనీ సారూ. ఎవ్వలూ జరపకుంటే సాలు.”

భానుప్రసాద్ ఆగలేకపోయాడు. లేచి మైకు అందుకున్నాడు.

“గీ అవ్వ నా బూట్లు తీసి ఎనుక పెట్టింది. నా కండ్లు తెరిసింది! హాలు నాదైతే ఏంది? పెద్దోడు లేడు, చిన్నోడు లేడు. ముందొచ్చినోళ్లు ముందు, ఎనుకొచ్చినోళ్లు ఎనుక. గిదే గద ప్రజాస్వామ్యం!”

కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. నర్సింలైతే ఈల వేశాడు.

ఆ ఊపులో జేబులోంచి తాళం తీసి వనిత చేతిలో పెట్టాడు. “గిది గూడ మ్యూజియంల పెట్టు బిడ్డా. నేను బతికున్నన్ని దినాలు ఈ హాలు మీదే. అందరు సాక్ష్యం!”

“సాక్ష్యం సారూ!” అంది హాలు.

“ఇంకో రెండు ముక్కలు...”

“సాలు సారూ, కూసో!” నాలుగు దిక్కుల నుంచీ ఒకే మాట.

కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. వనిత తాళాన్ని కుంచం పక్కన పెట్టి, ముఖ్య అతిథి వైపు తల ఊపింది.

ఒవైస్ లేచాడు. హాలంతా ఒక్కసారిగా లేచింది. ఇంత మర్యాద తెలిసిన జనమా అని భానుప్రసాద్ కూడా చేతులు జోడించి లేచి నిలబడ్డాడు.

ఒవైస్ సంచి విప్పి, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“బయట చెప్పులు పెట్టిన వరుసలనే రాండ్రి, యూరియా టోకెన్లు ఇస్తున్న.”