తొలిముద్ద

ఒక్క అంతస్తు మెట్లెక్కేసరికే నరసమ్మకు ఆయాసం వచ్చింది. పెంచలమ్మ కూతురి వీపు నిమురుతూ ప్రొద్దుటూరు డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది.

"తొమ్మిదేళ్లకు యాభై రెండు కిలోలా! ఏం పెడుతున్నావమ్మా?"

"నేను పెట్టేది రెండు పూటలేనమ్మా. మిగతాదంతా మా రామన్న బావ పెడతాడు."

"ఆకలైతేనే తింటావా పాపా?"

నరసమ్మ ఆలోచించింది. "పెదనాయన తినేటప్పుడు తింటా."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఆకలి తెలియకుండా తినే అలవాటు. ముందు అది మాన్పించు."

తిరుగు బస్సులో పెంచలమ్మకు కునుకు పట్టలేదు. ఎలా మాన్పించాలి?

రెండేళ్ల కిందట అవతలి పార్టీవాళ్లు బాంబులేసిన రోజు, రామన్నకు అడ్డంపడి ఆమె మొగుడు యల్లయ్య ప్రాణం వదిలాడు. అప్పటినుంచి తల్లీకూతుళ్లు రామన్న పెరటి గదిలోనే ఉంటున్నారు. యల్లయ్య బిడ్డకు తొలిముద్ద పెట్టందే రామన్న కంచం ముట్టడు. ఎన్నికల తిరుగుళ్లకూ జీపులో వెంట తీసుకుపోతాడు. చాపాడులో బిర్యానీ, జమ్మలమడుగులో పాయసం, దారిలో మజ్జిగ. ఏది వడ్డించినా ముందు నరసమ్మకే. తర్వాత పిల్లచేత ఇరవయ్యో ఎక్కం దాకా చెప్పించుకుని, అప్పుడు తాను తింటాడు.

"అన్నం చల్లారినా సరే, ఆయప్పకు పిల్ల చదువే ముఖ్యం" అని ఊరంతా మెచ్చుకునేది.

సొంత కొడుకులిద్దరికీ ఆ గారాబం లేదు. వాళ్లు చువ్వల్లా ఉన్నారు.

సాయంత్రం పెంచలమ్మ వసారాలో నిలబడింది.

"బావా, పిల్లకు ఇంక ముద్దలు పెట్టొద్దంట. డాక్టరమ్మ చెప్పింది."

లోపలినుంచి రామన్న భార్య అందుకుంది. "బాగుంది! సొంత బిడ్డకన్నా ఎక్కువ చూసుకుంటాంటే, ఇదా విశ్వాసం?"

రామన్న మొహం వాడిపోయింది. "నా చేతిముద్ద బరువైందా పెంచలమ్మా?"

"నాకు కాదు బావా. బిడ్డ మెట్లెక్కలేకుండాది."

ఈ గది పోతే యాడికి పోవాలో ఆమెకు తెలియదు. అయినా కదల్లేదు.

రామన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరే. నీ బిడ్డ, నీ ఇష్టం."

పెంచలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. రెండేళ్లలో మొదటిసారి ఆ పూట నరసమ్మ "అమ్మా, ఆకలైతాంది" అంది.

మరుసటి మధ్యాహ్నం పెంచలమ్మ వడ్డించిన అన్నంలోంచి రామన్న తొలిముద్ద తీసి వాకిట్లో కుక్కకు వేసి, గోడ గడియారాన్నీ కుక్కనూ మార్చి మార్చి చూస్తూ, అన్నం చల్లారిపోయేదాకా కంచం ముట్టలేదు.