పక్క నక్షత్రం

కొండ మీది అబ్జర్వేటరీలో ఆ రాత్రి ఆమె ఒక్కతే ఉంది. దూరపు నక్షత్రానికి కంటికి కనబడని మరో నక్షత్రం అడ్డొస్తే, దాని ఆకర్షణ భూతద్దంలా పనిచేసి వెనకదాని వెలుగు కొన్నాళ్ళు పెరిగి తగ్గుతుంది. ఆ పెరుగుదలలో చిన్న గంతు కనిపించిందంటే, అడ్డొచ్చినదాని చుట్టూ ఓ గ్రహం తిరుగుతున్నట్టే. ఆ గంతు కోసమే ఆమె ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది.

ఇవాళ గంతు కనిపించింది. సంతోషంతో కేక వేయబోయి ఆగిపోయింది. పక్క నక్షత్రం కూడా వెలుగు పుంజుకుంటోంది. అలా జరగడం దాదాపు అసాధ్యం. కాసేపటికి దాని పక్కది కూడా. మొదటిది మాత్రం తగ్గనే లేదు.

అబ్జర్వేటరీ పెద్దసారుకి ఫోన్ చేసింది.

"కెమెరా పాడై ఉంటుందమ్మా," అన్నాడాయన నిద్రమత్తులో.

"రెండో కెమెరాతోనూ చూశాను సార్. వరసగా వెలుగుతున్నాయి. అడ్డొస్తున్నదేదో మనకి చాలా దగ్గర్లో ఉంది, ఇంకా దగ్గరికొస్తోంది. ఏదో ఒకటి చెయ్యండి సార్!"

ఆయనకి నిద్రమత్తు వదిలిపోయింది. "చెయ్యడానికి ఏముందమ్మా?" అన్నాడు మెల్లగా.

ఫోన్ పెట్టేసింది. టెలిస్కోపు మీది డోమ్ తిప్పే మోటారు చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ మళ్ళీ మోగితే ఉలిక్కిపడింది. ఇంటి నుంచి కూతురు.

"అమ్మా, నిద్ర రావట్లేదు. కిటికీలో చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి పెద్దవైపోతున్నాయి."

ఆమె ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"కర్టెన్ వేసెయ్ తల్లీ. వెళ్ళి నాన్న పక్కన పడుకో."

కర్టెన్ దేన్ని ఆపుతుందో ఆమెకే తెలియదు. అవతల కర్టెన్ రింగులు జరిగిన చప్పుడు వినిపించింది.

"వేశానమ్మా," అంది పిల్ల. "అయినా వెలుతురు వస్తూనే ఉంది."