గురక తెచ్చిన గిరాకీ

“ఆ మనిషిని మీరు లేపుతారా, నన్ను లేపమంటారా?” చేతిలో చీపురుతో వచ్చి నిలదీసింది కోడలు.

దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్న పరుపులమ్మ తలెత్తింది. చేత్తో దూది పరుపులు కుట్టి అమ్ముతుంది కాబట్టి వీధి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. కొట్టు ముందువైపు, అద్దం వెనకాల, నలుగురికీ కనపడాలని పరిచిన కొత్త పరుపు మీద నడివయసు మనిషొకాయన పడుకుని ఉన్నాడు. చెప్పులు పక్కన విడిచి, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని, హాయిగా గుర్రు కొడుతున్నాడు.

“పడుకుని చూడొచ్చా అన్నాడు. చూడు బాబూ అన్నాను.”

“చూడ్డం మొదలెట్టి గంటయింది! పోనీ కొనే రకమా అంటే, వాలకం చూడండి. చొక్కాకి ఇస్త్రీ కూడా లేదు.”

“ఎన్నాళ్ళ నిద్ర బాకీ ఉందో పాపం. నాకు చేతులు రావే, లేపడానికి.”

కోడలికి ఒళ్ళు మండింది. మండదా మరి? ఎదురుగా మూడంతస్తుల పరుపుల షోరూం తెరిచి మూడు నెలలైంది. రెండు కొంటే ఒకటి ఉచితం. దిండ్లు ఉచితం. ఇంటికి చేర్చడం ఉచితం. ఆ ధరకి అమ్మితే వీళ్ళకి దూది ఖర్చు కూడా గిట్టదు. నెలాఖరుకి కొట్టు మూసేద్దామని ఆ పొద్దున్నే అత్తాకోడళ్ళు అనుకున్నారు.

అంతలో బయట ఎవరో కిసుక్కున నవ్వారు. భోజనం చేసి ఆఫీసుకు తిరిగి పోతున్నవాళ్ళిద్దరు అద్దానికి ముక్కులు ఆనించి లోపలికి చూస్తున్నారు. వాళ్ళేం చూస్తున్నారోనని ఇంకో నలుగురు ఆగారు. ఎదురు షోరూం మైకులో పాట హోరెత్తింది. రోడ్డు మీద బస్సు చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. లోపలాయన పెదవి చప్పరించి ఇటు తిరిగి పడుకున్నాడు. జనం గొల్లుమన్నారు.

గుంపులోంచి ఒక నర్సమ్మ తోసుకుంటూ లోపలికొచ్చింది. “రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకునేదాన్ని నేను. ఇంత గోలలో నిద్రపట్టే పరుపు ఉందని ఎవరూ చెప్పలేదే! అలాంటిదే ఒకటి ఇవ్వండి.”

కోడలి చేతిలోని చీపురు మూలకెళ్ళింది. రసీదు పుస్తకం బయటికొచ్చింది.

నిద్ర లేచిన పెద్దమనిషి సిగ్గుపడిపోయి, “ఏమీ అనుకోకండమ్మా” అంటూ వెనక గుమ్మం గుండా సందులోకి జారుకున్నాడు. మర్నాడు సరిగ్గా రెండింటికి అదే గుమ్మంలో మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు.

“ఒక్క పది నిమిషాలు... పడుకోనా?”

“పడుకోండి, పడుకోండి!” ఈసారి దిండు సర్దింది కోడలే. ఆయన వీధికి వీపు పెట్టి, మొహాన రుమాలు కప్పుకుని వాలాడు.

నాలుగో రోజుకల్లా ఆ వీధిలో రెండు గంటలంటే ‘గురక వేళ’ అయిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు కొందరు, గురకలు లెక్కపెట్టి పందేలు కాసేవాళ్ళు కొందరు. వచ్చినవాళ్ళలో సగంమంది పరుపుకి ఆర్డరిచ్చి మరీ వెళ్ళారు. దూది ఏకడానికి ఇంకో ఇద్దర్ని పిలిపించారు. పని చేస్తున్న నలుగురి జుట్టూ దూది పింజలతో తెల్లబడి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకోవడమే సరిపోయింది.

“ఎదురు వాళ్ళు పంపిన మనిషి కాదు కదా అత్తయ్యా? మన కిటుకేమిటో కనిపెట్టడానికి?” కోడలికి ఉన్నట్టుండి అనుమానం వచ్చింది.

“కిటుకు కనిపెట్టేవాడు కళ్ళు తెరుచుకుని చూస్తాడే పిచ్చిమొహమా. ఇలా మూసుకుంటాడా?”

అయిదో రోజున ఎదురు షోరూం మేనేజరు ఊరుకోలేకపోయాడు. తమ అద్దంలో స్ప్రింగు పరుపు వేయించి, పట్టు దుస్తులు తొడిగిన అందగత్తెను దాని మీద పడుకోబెట్టాడు. పాపం ఆ పిల్ల ఎటు ఒత్తిగిలినా పరుపు కిర్రుమంటుంది, ఆ పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. చూసేవాళ్ళకి పొట్టలు చెక్కలయ్యాయి. అక్కడ నవ్వడం అవగానే, నేరుగా ఇటు దాటి పరుపు కొనుక్కున్నారు.

ఏడో రోజు పెద్దమనిషి లేచి కూర్చునేసరికి పరుపులమ్మ ఎదురుగా నిలబడి ఉంది. పక్కన కోడలు వేడివేడి టీ పట్టుకుని ఉంది.

ఆయన కంగారుగా చెప్పుల కోసం వెతుక్కున్నాడు. “రోజూ వచ్చి ఇబ్బంది పెడుతున్నాను కదూ.”

“ఇబ్బందా! మూసేద్దామనుకున్న కొట్టు మీ గురకతో నిలబడింది బాబూ. ఈ పరుపు మీకు ఊరికే ఇచ్చేస్తున్నాం. మీ ఇల్లెక్కడో చెప్పండి, పంపిస్తాం.”

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. టీ గ్లాసు అందుకుని, పరుపును ఒకసారి ఆప్యాయంగా నిమిరాడు. “ఊరికే వద్దమ్మా, మీ కష్టం నాకు తెలుసు. పూర్తి ధర ఇస్తాను. మూడు నెలలుగా ఒక్క రాత్రి కూడా కంటిమీద కునుకు లేదు నాకు. అయితే పంపేముందు మీరు నాకో చిన్న సాయం చెయ్యాలి.”

“చెప్పండి బాబూ, ఎందుకు చెయ్యం?”

ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి ఎదురు షోరూం పేరున్న గుడ్డ లేబుల్ ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

“పంపేముందు ఇది దాని మీద కుట్టెయ్యండి. ఓనరు తన షోరూం వదిలేసి ఎదురు కొట్లో పరుపు కొన్నాడని తెలిస్తే, నా పరువేం కావాలి?”