మోకాల్లో బుర్ర

ఇంజినీరు టీ తాగి వచ్చేసరికి అతని కుర్చీలో ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

ఒక కాలు బారజాపుకుని కంప్యూటర్ తెర వంక కన్నార్పకుండా చూస్తున్నాడు.

తెర మీద ఒక మూల కుర్చీలోంచి లేచి మెట్లు దిగే మనిషి బొమ్మ; మధ్యలో రెండు ఎముకలు, వాటి మధ్య నీలంగా కదిలే జిగురు. మనిషి మోకాల్లో ఊరే జిగురు అది. మెల్లగా నడిస్తే చిక్కగా, పరుగెత్తితే పల్చగా, ఒక్కసారిగా దూకితే రబ్బరులా ఉంటుంది. అది ఎలా పారుతుందో లెక్కకట్టే ప్రోగ్రాము రాయడానికి ఇంజినీరుకు ఆరేళ్ళు పట్టింది. దాన్నిబట్టే కృత్రిమ మోకాలు తయారుచేస్తారు.

తనకు తెలియనిది ఇంకెవరికీ తెలిసే వీల్లేదని అతని నమ్మకం.

"లేవండి. ఇదేమన్నా బస్‌స్టాండా?"

"నేనే కూర్చోమన్నాను సార్, నిలబడలేకపోతున్నారని" అంది పక్క టేబులు దగ్గర పనిచేసే అమ్మాయి.

పెద్దాయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు.

"డాక్టరుగారు ఓసారి చూసి రమ్మన్నారు బాబూ. మోకాలి సంగతి..."

"మోకాళ్ళ నొప్పులకి ఆసుపత్రి ఎదురు రోడ్డులో ఉంది."

"నొప్పి గురించి కాదు. ఆ బొమ్మలో మనిషి మెట్లు దిగుతున్నాడు కదా?"

"అయితే?"

"మొదటి మెట్టు నుంచే హాయిగా దిగుతున్నాడు. అలా ఉండదు బాబూ. కాసేపు కూర్చుని లేస్తే మొదటి రెండడుగులు పట్టేస్తుంది. తర్వాతే వదులవుతుంది."

అమ్మాయి తలెత్తింది. "సార్, మన లెక్క తప్పుతున్నది కూడా అక్కడే..."

"నువ్వాగమ్మా." ఇంజినీరు పెద్దాయన వైపు తిరిగాడు. "ఏం చదువుకున్నారు మీరు?"

"ఏడో క్లాసు. లారీ నడిపేవాణ్ణి."

"నేనెప్పుడైనా మీ లారీ ఎక్కి, స్టీరింగు ఎలా తిప్పాలో చెప్పానా?"

పెద్దాయన తెర వంక మరోసారి చూశాడు.

"లేదు బాబూ. వస్తాను."

కాలీడ్చుకుంటూ బయల్దేరాడు.

"బుర్ర మోకాల్లో ఉన్న ప్రతివాడూ సలహాలిచ్చేవాడే" అన్నాడు ఇంజినీరు, ఆ వెళ్ళే మనిషికి వినపడేలాగే. జేబురుమాలు తీసి కుర్చీ తుడుచుకుని మరీ కూర్చున్నాడు.

అమ్మాయి నవ్వలేదు.

మధ్యాహ్నం ప్రోగ్రాము మళ్ళీ ఆగిపోయింది. మొదటి అడుగు దగ్గరే. అంకెలు ఆకాశాన్నంటాయి.

"కూర్చున్నంతసేపూ జిగురు గట్టిపడుతుందని లెక్కలో పెట్టి చూద్దామా సార్?" అంది అమ్మాయి.

"ఎంత గట్టిపడుతుందో కొలవకుండా ఎలా పెడతాం?"

విసుగ్గా ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"డాక్టరుగారూ, మనకు మోకాలి జిగురిచ్చే దాత దగ్గర ఇంకొక్కసారి తీయాలి. వేరేవాళ్ళది పనికిరాదు. ఆయనెవరో మాకు తెలీదు గానీ, ఈ ఆరేళ్ళ పనంతా ఆయన మోకాలి మీదే నిలబడింది."

"మీకు మళ్ళీ కావాల్సి వస్తుందని నిన్ననే అడిగానండీ. ఇప్పటికి పదకొండు సార్లు సూది పొడిపించుకున్నారు, పైసా తీసుకోలేదు. ఒకసారి చీముపట్టి కాలు సరిగ్గా వంగడం మానేసింది. అయినా వస్తానన్నారు. కాకపోతే, ఇన్నాళ్ళూ దాంతో మీరేం చేస్తున్నారో ఓసారి కళ్ళారా చూడాలన్నారు."

"తప్పకుండా చూపిస్తాం సార్. కారు పంపిస్తాను. ఎప్పుడొస్తారు?"



"పొద్దున మీ దగ్గరికే వచ్చారటండీ. ఇందాక ఇటొచ్చి, ఇక సూదికి రానని మర్యాదగా చెప్పి వెళ్ళారు."