అద్దం తట్టరాదు

“కనబడటం లేదా? అక్కడ రాసిపెట్టాను కదా.”

పెద్దకోడలు కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వచ్చేసరికే ఎవరో ముసలాయన చేపల తొట్టె అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టేశాడు.

“లేదమ్మా, కనబడలేదు,” అన్నాడు చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

‘అద్దం తట్టరాదు’ అని అట్టముక్క మీద బెత్తెడేసి అక్షరాలున్నాయి. కనబడలేదట. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ తొట్టెలో ఉన్నది సముద్రపు గుర్రాల జంట. వచ్చి రెండు రోజులైంది. ఇంతవరకూ తిండి ముట్టలేదు.

పదిహేనేళ్ళ కాపురంలో ఆమె ఆ ఇంట్లో తనకంటూ అడిగింది ఒక్క మూల. హాల్లో, ఇస్త్రీ బల్ల పక్కన. అక్కడ తొట్టె పెట్టి, ఉప్పునీళ్ళు కలిపి, ఒక్క చేపైనా వెయ్యకుండా నీళ్ళు కుదురుకునేదాకా రెండు నెలలు కాపలా కాసింది. ఉత్త నీళ్ళను పెంచుతోందని ఇంటిల్లిపాదీ నవ్వారు.

కుట్టుకూలితో గుర్రాలను తెచ్చాక నవ్వులు పోయి సలహాలు మొదలయ్యాయి.

గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావన్నారు అత్తగారు. వీటికి పళ్ళే ఉండవత్తయ్యా, తిన్నది నిలవుండే తిత్తి కూడా ఉండదు, అందుకే పూటపూటకీ మేపాలి అని ఆమె జవాబు.

మరిది ఆ మూల తన కంప్యూటరు బల్లకు కావాలన్నాడు. వారం రోజులు బతికితే వదినది, చస్తే తనది అని పందెం వేశాడు. పైగా, చేపల సంగతి తెలిసిన స్నేహితుణ్ణి పంపిస్తాను, నీకు చేతకాదని అతనే చెబుతాడన్నాడు.

గోడ పొడుగునా చెయ్యి రాసుకుంటూ లోపలికి వచ్చిన ఈ ముసలాయనే ఆ తెలిసినాయన కాబోలనుకుంది.

“వీటి తిండి గురించి చెబుదామని...”

“చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే కావలసినంత మంది ఉన్నారు.”

ఆయన వంగి అద్దానికి చెవి ఆనించాడు. చూడ్డానికి వచ్చినవాడు చెవి ఆనించడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. తొట్టెకు అడ్డంగా నిలబడింది.

“ఒక్క పూట మేపి వెళతానమ్మా.”

“నా గుర్రాలను నేను మేపుకుంటాను. బతికినా నా చేతిలోనే, చచ్చినా నా చేతిలోనే. మిమ్మల్ని పంపినవాళ్ళకు అదే చెప్పండి.”

ముసలాయనకు కోపం రాలేదు సరికదా, నవ్వాడు.

“మంచిదే. వీటికి మీలాంటి మొండివాళ్ళే కావాలి.”

జేబులోంచి ఓ ఆల్చిప్ప తీసి, ఇస్త్రీ బల్ల అంచు తడుముకుని దాని మీద పెట్టి వెళ్ళిపోయాడు.

గుండుసూదులు వేసుకోవడానికి బాగుందని ఆమె అందులో సూదులు పోసుకుంది.

మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. గడ్డకట్టిన పిల్ల రొయ్యలను కరిగించి, డ్రాపరుతో సరిగ్గా గుర్రాల మూతి ముందే వదిలింది. అవి ఓ చూపు చూసి మొహం తిప్పుకున్నాయి. తొట్టెలో గుచ్చిన పుల్లకు చుట్టుకున్న తోకలు విప్పలేదు. అడుక్కి చేరిన రొయ్యలు కుళ్ళకముందే ఆమె గంటగంటకూ పీల్చి బయటపోసింది.

ఐదో రోజుకు వాటి పొట్టలు లోపలికి పోయాయి. మరిది ఆమె కుట్టు టేపే తీసుకుని ఆ మూల కొలవబోయాడు.

ఆమె టేపు లాక్కుంది.

“ఇంకా రెండు రోజులుంది. బతికున్నవాటి నెత్తిన కొలతలు తియ్యకు.”

అతను నవ్వి, తన స్నేహితుడికి ఇవాళే తీరిక దొరికిందని, సాయంత్రం తీసుకొస్తానని అన్నాడు.

ఆమె చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. మరి ఆ వచ్చినాయన ఎవరు?

లోపల భయం వేసింది. ఆ భయాన్నే కోపం చేసుకుని, గుర్రాలు అమ్మిన కొట్టాయనకు ఫోను చేసి, రోగిష్టివాటిని అంటగట్టావని దులిపేసింది. అతను అంతా విన్నాడు.

“అదేమిటమ్మా, పెద్దాయన రాలేదా? ఆల్చిప్ప ఇచ్చి, మేపే పద్ధతి చూపిస్తానని మీ అడ్రసు తీసుకున్నాడే.”

ఆమె సూదులున్న ఆల్చిప్ప వైపు చూసింది. ఆ పద్ధతేమిటో అడిగింది. రొయ్యలు పెట్టిన చిప్పను నీళ్ళలో దించి, గోటితో అద్దాన్ని మూడుసార్లు తట్టాలట. పుట్టిన దగ్గర్నుంచి వాటికి అదే అలవాటట. ఆ పిలుపు వినకపోతే తిండికి రావట.

సూదులన్నీ బల్ల మీద గుమ్మరించింది. చిప్పను వేడినీళ్ళతో కడిగి, రొయ్యలు పెట్టి తొట్టెలో దించింది. అట్టముక్కను చింపి అవతల పారేసింది.

మూడుసార్లు తట్టింది.

ఒకటి తోక విప్పింది. దాని వెనకే రెండోదీ కదిలింది. రెండూ మెల్లగా వచ్చి చిప్ప మీదికి వంగాయి.

టక్.

చిటిక వేసినంత చిన్న చప్పుడు. వెంటనే ఇంకోటి.

అదేం చప్పుడని అత్తగారు అడిగారు.

“తింటున్నాయత్తయ్యా,” అంది, మరిది మొహంలోకి సూటిగా చూస్తూ. “నీ బల్లకు నీ గదిలోనే చోటు చూసుకో.”

ఆమె మళ్ళీ ఫోను అందుకుంది.

“ఆయన్ని ఒక్కసారి పంపండి. నోరు జారాను, చెప్పుకోవాలి.”

“నిన్ననే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడమ్మా. ఏ ఊరో చెప్పలేదు.”

“అసలు ఎవరండీ ఆయన?”

“వెంట్రుకంత పిల్లలప్పటి నుంచి వాటిని సాకినాయన, కళ్ళు పోయి మేపలేక నాకు అప్పగించాడు, ఊరు వదిలే ముందు అవి తినే చప్పుడు ఒక్కసారి విని పోతానని మీ ఇంటికొచ్చాడు.”