గేదె మెడలో బర్మా పట్టీ

బావమరిది రంగూన్ సంతలో కొని తెచ్చిన నేత పట్టీ మీది బర్మా అక్షరాల్లో ఏ దేవుడి మంత్రం ఉందోనని భీమరాజుకి పన్నెండేళ్లుగా అనుమానం. అయినా మంత్రం మంత్రమే కదా అని గేదె మెడకి కట్టాడు. ఆనాటి నుంచి గేదె తన్నడం మానేసింది.

మ్యూజియం కోసం బర్మా నేతలు సేకరించే ప్రసాదరావుగారు ఏలూరు నుంచి కొల్లేటి లంకకి వచ్చి, గేదె ముందు చతికిలబడి ఆ అక్షరాలు చదవసాగారు. గేదె తల తిప్పినప్పుడల్లా ఆయనా అటు జరిగారు.

"పాడి మంత్రమేనాండీ?" అంది భీమరాజు భార్య పెద్దింటమ్మ.

"మంత్రం కాదమ్మా. 'మా మ్యా' అనే బర్మా ఆవిడ తాటాకు గ్రంథానికి చుట్టమని ఈ పట్టీని బౌద్ధ మఠానికి ఇచ్చింది. 'ఈ పుణ్యంలో అందరికీ వాటా ఉంది. చూసినవాళ్లు సాధు అనండి' అని నేయించింది."

"సాధు అంటేనండీ?"

"మంచి పని చేశావమ్మా అనడం."

భీమరాజు నీరుగారిపోయాడు. "పన్నెండేళ్లుగా వాటా తింటున్నామండీ. ఆవిణ్ణి ఓ మంచిమాట అన్న పాపాన పోలేదు."

"తిన్నది గేదె కదండీ" అంది పెద్దింటమ్మ.

"పాలు తాగింది మనమేగా."

"పట్టీ మ్యూజియానికి ఇస్తారా మరి? గేదె తంతుందేమో" అన్నారు ప్రసాదరావుగారు.

"తంతే తన్నిద్దండీ. రంగూన్ ఎటువైపు?"

ఆయన తూర్పుకి చూపించారు. భీమరాజు ముందు గేదెని అటు తిప్పాడు. తర్వాత భార్యాభర్తలిద్దరూ దాని పక్కన నిలబడి చేతులు జోడించారు.

"సాధు, తల్లీ" అన్నాడు భీమరాజు. "ఆలస్యమైంది."