ముందేటి రాయమంటావు?

"ముందేటి రాయమంటావో తొందరగా సెప్పు మరిడమ్మా. ఆపీసరుగోరు ఎలుగుండగా ఎల్లిపోవాలట," అన్నాడు ఊరిపెద్ద నరసింగరావు.

మరిడమ్మ కాగితం చూడలేదు. ఒడ్డున కొత్తగా పాతిన లైటు స్తంభాన్ని చూసింది. సముద్రపు ఒడ్డున ఏది ముందు కావాలో పల్లె పల్లెనా రాసిమ్మని కొత్త ప్రభుత్వం అడిగింది. ఇక్కడ తాబేలు గుడ్లకి కాపలా కాసే ఆడవాళ్ల సంఘానికి ఆవిడే పెద్ద. ఆవిడ సంతకం పడితేగానీ కాగితం కదలదు, ఆ లైటూ వెలగదు.

"తాబేళ్లే ముందు రాయండి బాబూ," అంది ఆఫీసరు ఉమాశంకర్‌తో. "గుడ్లున్న కాడ ఇసక కుంగిపోనాది. ఇయ్యాలో రేపో పిల్లలు పైకొస్తాయి. లైటేస్తే అటే సముద్రం ఉన్నాదనుకొని ఊర్లోకి నడిసొచ్చేస్తాయి. కుక్కలు ఒక్కదాన్నీ ఒగ్గవు."

"ఏది ముందు రాస్తే అదే జరుగుతుందమ్మా. తాబేళ్లు రాస్తే ఈ ఏడాదికి లైటు లేనట్టే. లైటు రాస్తే ఇప్పుడే వేయించేస్తాను, లైన్‌మేన్ ఊర్లోనే ఉన్నాడు," అన్నాడు ఉమాశంకర్.

"మరి మా మనుసుల మాటేటి?" నరసింగరావు గొంతు పెంచాడు. "నీ మొగుడు మజ్జాన్నానికి రావాల. పొద్దు కుంకిపోతన్నాది. గాలెలా తిరిగిందో సూసినావా?"

చూడకేం, మధ్యాహ్నం నుంచీ ఆవిడ చూస్తున్నది అదే. పడవలన్నీ వచ్చేశాయి. తన మొగుడు గంగులూ, నూకయ్యా వెళ్లిన పడవ ఒక్కటే రాలేదు. ఫోను కలవడం లేదు. వెతకడానికి బయల్దేరిన రెండు పడవల్నీ కెరటాలు వెనక్కి తోసేశాయి.

"మా ఆయన సుక్కల్ని సూసుకొని వస్తాడు బావా. నీ లైటు సూసుకొని కాదు."

"ఏ సుక్కలే? మబ్బట్టేసింది. తలెత్తి సూడు."

మరిడమ్మ తలెత్తలేదు.

అప్పుడొచ్చింది అమ్మడు, నూకయ్య పెళ్లాం. ఇసుకలో కూలబడి మరిడమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అప్పా, నీ మొగుడి మీద నీకు దైర్యం. ముప్పై ఏళ్లు సూసినావు. నాకు పెళ్లయి రెండేళ్లు. నాకా దైర్యం నేదు. లైటెయ్యనీ అప్పా."

మరిడమ్మ సముద్రం వైపు తిరిగింది. తన మొగుడి సంగతైతే తను ఏదో ఒకటి తేల్చుకునేది. ఇంకొకర్తె మొగుడి సంగతి ఎలా తేలుస్తుంది? నీళ్ల మీద తెల్లటి నురగ కూడా ఇక కనపడడం లేదు.

"ఇలా తెండి బాబూ," అంది చెయ్యి చాపి. "లైటే రాసుకోండి."

ఉమాశంకర్ రాశాడు. ఆవిడ కూడబలుక్కుంటూ సంతకం చేసింది, ఒక్కో అక్షరం గోడ కట్టినట్టు. కాగితం సంచిలోకి వెళ్లింది, సంచి జీపులోకి వెళ్లింది. లైన్‌మేన్‌ని వెంటబెట్టుకొని నరసింగరావు వీధి చివరి స్విచ్చి పెట్టె దగ్గరికి పరుగెత్తాడు.

జీపు ఎర్ర దీపాలు సరుగుడు తోట దాటాయో లేదో, చీకట్లో కేక వినపడింది.

"ఓయ్, తాడందుకోండ్రా!"

అమ్మడు మోకాళ్ల లోతు నీళ్లలోకి పరుగెత్తింది. పడవ ఒడ్డుకి గుద్దుకుంది. నూకయ్య దిగాడు, వెనకే గంగులు దిగాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. మరిడమ్మ మొగుడి భుజం తడిమి చూసి, తర్వాత పడవలోకి చూసింది. పడవ ఖాళీ.

"వలేది?"

"కోసీసినాం," అన్నాడు గంగులు రొప్పుతూ. "పెద్ద తాబేలు సిక్కడిపోనాది. కడుపునిండా గుడ్లతో ఉన్నాది. కూర్మనాథుణ్ణి తాడేసి లాగుతామేటి? నిదానంగా ఇడిపించి, పసుపూ బొట్టూ పెట్టి ఒదిలేసరికి ఈ యేళయ్యింది. గాలి తిరిగినా మన ఒడ్డు మాకు తెలీదా, వచ్చీసినాం. అదీ ఇటే వస్తన్నాదే, గుడ్లెట్టడానికి. వల పోతే పోనాదిలే. ఆపీసరొచ్చినాడా? కాయితంలో దాని మాటే ముందు రాయించినావు గదా?"

మరిడమ్మ నోరు తెరిచేలోగా ఒడ్డంతా తెల్లగా వెలిగింది.